సొతిల్లో దూడ

ఎవెలియో తాత నోట్లోంచి "చదును" అన్న మాట వచ్చిందంటే బెర్మేహో ఊరి సైకిలు సంఘం వాళ్ళు గబగబా ఇంకో అరటిపండు జేబులో వేసుకునేవాళ్ళు. ఆయన లోకంలో రోడ్లు రెండే రకాలు. ఒకటి చదునుది, రెండోది దాదాపు చదునుది. ద్రాక్షతోటల మధ్య మెలికలు తిరుగుతూ మబ్బుల్లోకి పోయే రోడ్డును గడ్డంతో చూపించి, "అదొక్కటి దాటితే ఇక అంతా చదునే" అనేవాడు. అది దాటాక ఇంకొకటి ఉండేది. అదేమిటని నిలదీస్తే, "అది ఎత్తు కాదురా, రోడ్డు ఒళ్ళు విరుచుకుంది" అనేవాడు.

మనిషి పొట్టి. కాళ్ళు ముదురు ద్రాక్షమొద్దుల్లా వంకర, గట్టి. చెవులు మాత్రం దేవుడు ఇంకెవరి కొలతో తీసి ఈయనకు తగిలించినట్టు ఉండేవి. సంఘం చొక్కా సన్నగా ఉన్న రోజుల్లో కుట్టించుకున్నది. ముందువైపు అచ్చేసిన ద్రాక్షగుత్తి పొట్ట మీద సాగి సాగి గుమ్మడికాయల బండిలా కనిపించేది. కొత్తది కొనుక్కోమంటే, "ఇది సరిపోతోంది కదా" అని ఊపిరి బిగబట్టి చూపించేవాడు. ఆ ఊపిరి నిలిచినంతసేపూ సరిపోయేది.

ఆ సంఘానికి ఆయనే కెప్టెన్. ద్రాక్షకోత అయిపోయాక వచ్చే మొదటి ఆదివారం అందరూ కలిసి సైకిళ్ళ మీద పోయి ఎక్కడో ఒకచోట భోంచేస్తారు. వరసకు ముందుండి అందర్నీ బల్ల దాకా ఎవరు తీసుకుపోతే వాళ్ళదే ఆ ఏడాదంతా పెత్తనం. ఏ దారిన పోవాలో, ఎక్కడ ఆగాలో వాళ్ళే చెబుతారు. తాత జుట్టు నల్లగా ఉన్నప్పటినుంచీ ఆ పెత్తనం ఆయనదే. ఆయన్ని దాటి ముందుకు పోవడం మర్యాద కాదని అందరూ అనుకునేవాళ్ళు. ఆయన కూడా అలాగే అనుకునేవాడు, ఇంకా గట్టిగా.

ఆయన దారుల్లో ఒక వింత ఉండేది. బెర్మేహో నుంచి ఎటు పోవాలన్నా సుఖమైన దారి ఒకటుంది. ఎబ్రో నది ఒడ్డునే, నిజంగా చదునుగా, పక్క ఊరు సొతిల్లో మీదుగా పోతుంది. తాత మాత్రం ఏ ఒక్కసారీ అటు తీసుకుపోలేదు. ఎప్పుడూ పైకే, నిట్టూర్పు కొండ మీదికే. దాని పేరే చెబుతుంది దాని సంగతి.

ఎందుకని అడిగితే మొదట్లో సొతిల్లో కుక్కలు మంచివి కావన్నాడు. ఆ కుక్కలు చచ్చి, వాటి పిల్లలు కూడా ముసలివయ్యాక, రోడ్డు బాగోలేదన్నాడు. రోడ్డు కొత్తగా వేశాక, కొత్త తారు టైర్లకు అంటుకుంటుందన్నాడు. తారు పాతబడ్డాక, "ఆ ఊళ్ళో గాలి బరువుగా ఉంటుంది" అన్నాడు. గాలికి బరువేమిటని అడిగే ఓపిక ఎవరికీ లేకపోయింది. అప్పటికే కొండ మొదలైపోయింది.

ఇంకో వింత కూడా ఉంది. అక్కడి సైకిలువాళ్ళ భాషలో, ముందుపోయేవాడి వీపు చాటున నక్కి, గాలి తగలకుండా హాయిగా తొక్కుకుంటూ పోవడాన్ని చక్రం చీకడం అంటారు. అందరూ వంతులవారీగా చీకుతారు, తప్పేమీ లేదు. తాత జన్మలో ఎవరి చక్రమూ చీకలేదు. ఎదురుగాలి రానీ, వాన రానీ, ముందు ఆయనే. ఆయన వెనక పీపాల రుపెర్తో. ఓక్ చెక్కతో సారా పీపాలు చేసి చేసి రుపెర్తో తానే ఒక పెద్ద పీపా అయ్యాడు. తాత వెనక వాడు దాక్కుంటే కుర్చీ చాటున బీరువా దాక్కున్నట్టు ఉండేది.

"ఒరే ఎవెలియో, కాస్త వెనక్కి రారా, నేను గాలి కాస్తాను" అనేవాడు రుపెర్తో, అప్పుడప్పుడు, మాటవరసకి.

"నేనొకడి వెనక చీకే రకం కాదు" అనేవాడు తాత.

"ఎంత పెద్ద మనసో" అనుకునేవాళ్ళు అందరూ.

మనసు సంగతి కాదు. చీకడం అన్న ఆ మాటే ఆయనకు పడదు.

దానికి వెనక కథ ఉంది. తాత ఇంకా కుర్రాడిగా ఉన్నప్పుడు సొతిల్లో జాతరకు వెళ్ళాడు. అబుందియో అనే ఆయన కూతురు మిలాగ్రోస్ మీద మనసు పడ్డాడు. అమ్మాయి కూడా రెండుసార్లు ఇటు చూసింది. ఒకసారి చెవులు చూడ్డానికి, రెండోసారి మనిషిని చూడ్డానికి. వేసుకున్న తెల్ల చొక్కా మాత్రం వాళ్ళ అన్నయ్యది. "ఒక్క మరక పడిందో, నీ తోలు ఒలుస్తాను" అని చెప్పి ఇచ్చాడు అన్న.

అబుందియో మంచి మనిషి. వచ్చిన కుర్రాణ్ణి కూర్చోబెట్టి పొర్రోన్ అందించాడు. పొర్రోన్ అంటే గాజు కూజా. దానికి కొంగ ముక్కులాంటి సన్నటి కొమ్ము. చెయ్యి చాచి పైకెత్తి వంచితే ఎర్రటి ద్రాక్షసారా దారంలా వచ్చి నోట్లో పడాలి. పెదవి తగలకూడదు. ఒకరి తర్వాత ఒకరు అందరూ తాగేది కాబట్టి ఎంగిలి చేస్తే మహా తప్పు. ఆ సీమలో పిల్లలు నడక నేర్చుకున్నట్టే ఇదీ నేర్చుకుంటారు. తాతకూ వచ్చు. బాగానే వచ్చు. కానీ ఎత్తబోతుంటే మిలాగ్రోస్ మూడోసారి చూసింది. కొమ్ము గురి తప్పబోయింది. కళ్ళముందు అన్న కనిపించాడు. చొక్కా కనిపించింది. అంతే, కొమ్మును నేరుగా నోట్లో పెట్టేసుకుని చీకేశాడు.

చొక్కా మీద ఒక్క చుక్క పడలేదు. పరువు మాత్రం మొత్తం పడిపోయింది.

ఎవడో వెనకనుంచి "అంబా" అన్నాడు. ఇంకెవడో "దూడొచ్చిందిరోయ్, పాలు పట్టండి" అన్నాడు. తాత గోడ దూకి పోయాడు. మళ్ళీ ఆ ఊరి మొహం చూడలేదు. సొంత ఊళ్ళో ఫెలీసాను పెళ్ళి చేసుకున్నాడు. పిల్లలు, తోట, సైకిలు అన్నీ అమరాయి. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండా ఉండడానికి అన్నేళ్ళూ ఆ కొండ ఎక్కాడు. ఆయన ఒక్కడే ఎక్కితే పోయేది. సంఘాన్నంతా ఎక్కించాడు.

ఒక ఏడాది కోతలప్పుడు పెద్ద వాన పడి నిట్టూర్పు కొండ ఒక పక్క జారి రోడ్డు మీద కూర్చుంది. రోడ్డు మూసేశారు. సంఘం వాళ్ళు కాఫీ కొట్లో చేరారు. మందుల కొట్టు నెరేయా కొత్తగా కార్యదర్శి అయింది, ఏ పనైనా చకచకా తేల్చేసే మనిషి.

"ఈసారి నది ఒడ్డున పోదాం, సొతిల్లోలో భోంచేద్దాం" అంది. "మిలాగ్రోస్ అత్త హోటల్లో ద్రాక్షపుల్లల మంట మీద గొర్రెపిల్ల పక్కటెముకలు కాల్చి పెడుతుంది. అడిగేశాను కూడా."

తాతకు కాఫీ పొలమారింది.

"సొతిల్లోనా. దక్షిణం నుంచి చుట్టి పోవచ్చు కదా. అటూ బానే ఉంటుంది. చదును."

"మామయ్యా, అటు పోతే మనం భోజనానికి సోమవారం చేరతాం."

"ఎముకలు మన ఊళ్ళోనే కాల్చుకోవచ్చు."

"అప్పుడు సైకిళ్ళెందుకు మామయ్యా, కుర్చీలు చాలు."

చేతులెత్తమంది. అందరి చేతులూ లేచాయి. రుపెర్తో రెండూ ఎత్తాడు.

తాత ఇంటికొచ్చి ఆదివారం తనకు నడుం నొప్పి రాబోతోందని ప్రకటించాడు. ఫెలీసా కాల్చిన మిరపకాయల తొక్క తీస్తోంది. తల ఎత్తలేదు.

"రానీ. పడుకో. రుపెర్తో ముందుంటాడు."

"వాడా. వాడు జన్మలో గాలి మొహం చూశాడా?"

"చూసినా చూడకపోయినా, ముందుండి తీసుకుపోతే కెప్టెన్ వాడే కదా. ఏడాది పొడుగునా వాడు చెప్పిన దారిన పోతావు. ప్రతి మలుపులో సారా కొట్టు ఉంటుంది. నీకే మంచిది, నడుం నొప్పి తగ్గుతుంది."

తాతకు నడుం నొప్పి అప్పుడే తగ్గిపోయింది. కానీ చిక్కు మాత్రం అలాగే ఉంది. పోతే దూడ. పోకపోతే రుపెర్తో. ఏది ఎంచుకోవాలో తేల్చుకోలేక ఆదివారం దాకా ఇంట్లో తిరిగాడు. చివరికి ఒక ఉపాయం తోచింది. అందరికంటే ముందు, గాలిలా ఊళ్ళోకి దూరి, టోపీ కళ్ళమీదికి లాక్కుని, మూలన కూర్చుని, పొర్రోన్ వచ్చేసరికి దొడ్లోకి పోవాలి. ముసలాణ్ణయ్యాను, గడ్డం వచ్చింది, ఎవరు గుర్తుపడతారు అనుకున్నాడు. చెవుల సంగతి మర్చిపోయాడు.

ఆదివారం పొద్దున ఏమీ తినలేదు. ఫెలీసా ఆమ్లెట్ పెట్టిన రొట్టె చేతికిస్తే పిల్లికి పెట్టేశాడు. ఆ పిల్లికి అలా మర్యాద జరగడం అదే మొదటిసారి కాబట్టి అనుమానంగా చూసి తింది.

సైకిళ్ళు బయల్దేరాయి. సామాన్ల వ్యాను తోలుకుంటూ ఫెలీసా, ఇంకొందరు ఆడవాళ్ళు వెనక. ఆకులు ఎర్రబడ్డ తోటల మీదుగా, ఎదురుగా, సియెర్సో గాలి. వాయవ్యం నుంచి నది వెంట వచ్చి, మనిషి మీద ఏదో పాత కోపం ఉన్నట్టు తోస్తుంది. తాత తల దించుకుని, ఆ గాలిలోకి తలుపు మీద పడ్డ దొంగలా పడ్డాడు. వెనక రుపెర్తో ఈల వేసుకుంటూ వస్తున్నాడు.

సొతిల్లో చర్చి గోపురం కనిపించిన చోటనే పిట్ట వాలింది. పిట్ట అంటే నిజం పిట్ట కాదు. తినకుండా తొక్కేవాడికి ఒక్కసారిగా ఒంట్లో నూనె అయిపోయి, కళ్ళు తిరిగి, కాళ్ళు వేరేవాళ్ళవి అయిపోతే, పిట్ట పట్టిందంటారు అక్కడ. తాత సైకిలు రోడ్డుకు ఈ పక్కనుంచి ఆ పక్కకు, ఏ పక్క బాగుందో చూస్తున్నట్టు పోయింది.

రుపెర్తో పక్కకొచ్చాడు. "పిట్టరా?"

"కాదు. దారి చూసుకుంటున్నాను."

"దారి రెండు పక్కలా ఉందా? నా వెనక్కి రా."

"రాను."

"గాడిదా, పడిపోతావు. చక్రం పట్టుకో."

"చచ్చినా చీకను."

"చావాలంటే ఊళ్ళోకి పోయాక చావు. ఇక్కడ చస్తే మోసేది నేనే."

అని చెప్పి రుపెర్తో ముందుకొచ్చి ఆయనకు అడ్డంగా నిలిచాడు. బీరువాలాంటి ఆ వీపు ముందుకు రాగానే గాలి టక్కున ఆగిపోయింది. తలుపు మూసి పొయ్యి దగ్గర కూర్చున్నట్టు అయింది. అది ఎంత సుఖమో తాతకు అంతవరకూ తెలియదు. తెలిసినందుకు ఆయనకు ఏడుపొచ్చింది. అలా, ముందు రుపెర్తో, వెనక వాడి చక్రం చీకుతూ ఎవెలియో తాత, జన్మలో మళ్ళీ రాననుకున్న సొతిల్లోలోకి వచ్చాడు.

మిలాగ్రోస్ హోటలు పెరట్లో బల్లలు వేసి ఉన్నాయి. పుల్లల పొగ, కొవ్వు వాసన. సొతిల్లో ముసలాళ్ళు కొందరు గోడ వారన బెంచీ మీద వరసగా కూర్చుని, ఎవరెవరు ఎంత ముసలివాళ్ళయ్యారో చూస్తున్నారు. తాత టోపీ లాక్కుని, మూలన ఆలివ్ కాయల గిన్నె ముందు కూర్చున్నాడు.

మిలాగ్రోస్ నెరిసిన జుట్టు ముడేసుకుని, చేతిలో పొర్రోన్ పట్టుకుని వచ్చింది.

"మీలో కెప్టెన్ ఎవరు? మొదటి గుక్క ఆయనది."

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నెరేయా గొంతు సవరించుకుంది. "ఇవాళ ముందొచ్చింది రుపెర్తో మామయ్య. పద్ధతి ప్రకారం..."

రుపెర్తో తానే ఆశ్చర్యపోయి లేచి, పొర్రోన్ అందుకుని చెయ్యి బారుగా చాచి తాగాడు. తాతకు గుండెలో కలుక్కుమంది. అన్నేళ్ళ పెత్తనం ఒక్క గుక్కతో పోయింది. కానీ దాంతోపాటే ఊపిరి కూడా వచ్చింది. మొదటి గుక్క తనది కాదు. ఎవరూ తనవైపు చూడడం లేదు. పెత్తనం పోతే పోయింది, దూడ తప్పింది.

"హమ్మయ్య, బాగా తాగావు" అంది మిలాగ్రోస్ రుపెర్తోతో. "ఒకసారి ఈ పెరట్లోనే ఒక దూడ తాగింది. అప్పటినుంచీ బయటివాళ్ళకు ఇవ్వాలంటే భయం."

"దూడేమిటత్తా?" అంది నెరేయా.

"మా నాన్న ఉన్నప్పుడు. నన్ను అడగడానికి ఒకడొచ్చాడు. అటు నవార్రా సీమ వైపువాడు. గాడిదలు అమ్ముకునేవాడు."

మూలన ఆలివ్ కాయ నమలడం ఆగింది.

"పొట్టి. ఇదిగో ఈ బల్లంత ఉండేవాడు. మెల్లకన్ను."

"మెల్లకన్ను లేదు" అన్నాడు తాత, గిన్నెకు చెబుతున్నట్టు.

మిలాగ్రోస్ ఇటు తిరిగింది. "నీకెలా తెలుసు?"

"ఎవరో అన్నారు."

"మా నాన్న ఇది ఇస్తే మొదట ముక్కులో పోసుకున్నాడు..."

"ముక్కులో పోసుకోలేదు."

"తర్వాత కొమ్ము నోట్లో పెట్టుకుని చీకాడు. మురికి చొక్కా వేసుకొచ్చాడు, మెడంతా జిడ్డు. అందరూ నవ్వితే గుక్కపెట్టి ఏడ్చాడు. ఏడుస్తూ పోయి మా కోళ్ళగంప మీద పడ్డాడు."

తాత లేచి నిలబడ్డాడు. ఆయన ఊరుకుని ఉంటే సరిపోయేది. ఆ గాడిదలవాడు, వాడెవడో, ఆ అవమానాన్నంతా మోసుకుని నవార్రాకు పోయేవాడు. కానీ అన్నేళ్ళు కొండెక్కి దాచుకున్న సొంత అవమానాన్ని ఇంకెవడో గాడిదలవాడి పేరున రాసేస్తుంటే చూస్తూ ఊరుకోవడం ఆయనవల్ల కాలేదు.

"ఏడవలేదు. పొలమారింది. కోళ్ళగంప లేదక్కడ, కుందేళ్ళ గూడుంది. దానిమీద పడలేదు, దాన్ని దాటి దూకాడు, గోడతో సహా. ఇక చొక్కా సంగతి. తెల్లది, ఇస్త్రీది. ఒక్క మరక లేదు. అది మా అన్నది."

రుపెర్తో చేతిలో పక్కటెముక సగం దారిలో ఆగిపోయింది.

"మా అన్నదా" అంది నెరేయా నెమ్మదిగా.

అప్పుడు తాతకు తానేమన్నాడో అర్థమైంది. చెవులు సొతిల్లో సారా రంగుకు వచ్చాయి.

"నువ్వు సైకిలు దిగగానే చెవులు చూసి అనుకున్నాను" అంది మిలాగ్రోస్. "నీ నోటితోనే చెప్పిస్తే బాగుంటుందనిపించింది."

"మరి ఆ గాడిదలవాడు?"

"ఎవడూ లేడు. గాడిదల దగ్గరే లేస్తావనుకున్నాను. మెల్లకన్ను దాకా ఓర్చుకున్నావు, గట్టివాడివే."

బెంచీ మీద ముసలాళ్ళలో ఒకాయన, పళ్ళు లేని నోటితో, ఎన్నాళ్ళనుంచో దాచిపెట్టుకున్నట్టు మెల్లగా "అంబా" అన్నాడు. అంతే, పెరడు పెరడంతా పశువుల కొట్టం అయిపోయింది. నెరేయా బల్ల మీద తల పెట్టి నవ్వింది. రుపెర్తో నవ్వి నవ్వి కుర్చీ విరగ్గొట్టాడు.

"అందుకా" అన్నాడు కింద కూర్చునే. "అందుకా మమ్మల్ని ఆ కొండ ఎక్కించావు? నా మోకాళ్ళు చూడరా. చదునంట."

తాత దిక్కుతోచక ఫెలీసా వైపు చూశాడు. ఆమె ఒక్కతే నవ్వడం లేదు. ఎముక చీకుతోంది.

"నీకు తెలుసా?" అన్నాడు.

"పెళ్ళయిన కొత్తలోనే చేపల బండివాడు చెప్పాడు."

"మరి ఒక్కసారీ అనలేదేం?"

"ఎందుకనడం? ఆ కొండెక్కి వచ్చిన రోజు అన్నం తినగానే నిద్రపోయేవాడివి. ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉండేదో."

మిలాగ్రోస్ పొర్రోన్ నింపి తెచ్చింది. "మా నాన్న ఆ రోజు ఏమన్నాడో తెలుసా? చొక్కా అంత జాగ్రత్తగా చూసుకునేవాడు పెళ్ళాన్ని కూడా జాగ్రత్తగానే చూసుకుంటాడు, వాడు మళ్ళీ వస్తే పిల్లనిద్దాం అన్నాడు. నువ్వు రాలేదు."

గాలికి ద్రాక్షాకు ఒకటి ఎగిరొచ్చి బల్ల మీద పడింది. తాత దాన్ని తీసి జాగ్రత్తగా పక్కన పెట్టాడు.

"ఆ జాగ్రత్తంతా మా ఇంటికొచ్చేసరికి అయిపోయిందమ్మా" అంది ఫెలీసా. "ఈయన చొక్కాలు ఉతికి చూడు తెలుస్తుంది."

"ఇదిగో, పట్టు" అంది మిలాగ్రోస్. "మళ్ళీ గోడ దూకావంటే ఈసారి విరిగేది కాలే."

తాత పొర్రోన్ అందుకున్నాడు. కాళ్ళు కూడదీసుకుని, చెయ్యి బారుగా పైకి చాచాడు. పెరడంతా ఊపిరి బిగబట్టింది. ఎర్రటి దారం గాలిలో వంపు తిరిగి నేరుగా నోట్లో పడింది. ఒక్క చుక్క పోలేదు. సరిగ్గా అప్పుడే ఆ పళ్ళులేని ముసలాయన చిన్నగా, మర్యాదగా, మళ్ళీ "అంబా" అన్నాడు. తాతకు నవ్వాగలేదు. దారం గడ్డం మీదికి, మెడ మీదికి, పొట్ట మీదికి పాకింది. చొక్కా మీది గుమ్మడికాయల బండి తడిసి ముద్దయి, అన్నేళ్ళ తర్వాత మళ్ళీ ద్రాక్షపళ్ళ రంగుకు వచ్చింది.

పద్ధతి పద్ధతే కాబట్టి రుపెర్తోనే కెప్టెన్ అయ్యాడు. మరుసటి ఆదివారం కొత్త కెప్టెన్ ఛాతీ విరుచుకుని ముందుకొచ్చి, సొతిల్లో మీదుగా పోదామన్నాడు. ఊరు దాటగానే సియెర్సో ఎదురొచ్చింది. జన్మలో మొదటిసారి దారి పొడుగునా గాలి మొహం చూస్తున్న రుపెర్తో కళ్ళు తేలేశాడు. వాడి వీపు చాటున, టైరుకు టైరు తగిలేంత దగ్గరగా, కడుపునిండా ఆమ్లెట్ తిని, తాత ఈల వేసుకుంటూ వస్తున్నాడు.

"ఒరే ఎవెలియో" అన్నాడు రుపెర్తో రొప్పుతూ. "నా వల్ల కావట్లేదు. ఇంకా ఎంత దూరంరా?"

"అదిగో, ఆ మలుపు. అక్కణ్ణుంచి అంతా చదునే."

"కాసేపు ముందుకు రారా, నీకు పుణ్యముంటుంది."

వెనకనుంచి వస్తున్న ఈల ఆగింది. తర్వాత, హాయిగా, సాగదీసి, "అంబా" అని వినిపించింది.